అమ్మ వైపు క్లచ్

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తోంది. ఇక్కడ నేనూ, మీ అల్లుడుగారూ, నీ మనవడూ, కొత్తగా ఇంట్లో చేరిన నాలుగోదీ కులాసాగా ఉన్నాం. నాలుగోది అనగానే వేళ్లు లెక్కపెట్టకు, అది నేను ఫోనులో చెప్పిన కారు. అక్కడ నువ్వూ, అన్నయ్యా, వదినా బాగున్నారనే అనుకుంటున్నాను. నీ ఉత్తరంలో వదిన వంట మీద మూడు ఫిర్యాదులు, అన్నయ్య గురక మీద రెండు కనిపించాయి. మోకాలి ఆపరేషనయిన మనిషికి అంత ఓపిక వచ్చిందంటే ఇక నీ గురించి బెంగ అక్కర్లేదు.

ఫోను చేయకుండా ఇన్ని కాగితాలు ఎందుకు ఖరాబు చేశావని అడుగుతావు. ఫోనులో నువ్వు నన్ను ఒక్క మాటైనా పూర్తి చేయనిస్తావా తల్లీ? నేను సగం చెప్పేసరికే "సరే సరే, అర్థమైంది" అంటావు. ఈసారి చెప్పాల్సింది అలా సగంలో అర్థమయ్యేది కాదు. మధ్యలో నువ్వు కసిరితే నా ధైర్యం అక్కడే చల్లబడుతుంది. అందుకే ఉత్తరం. కుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టుకుని, చివరిదాకా చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మెట్ల పక్కన కడ్డీ బిగించారా అన్నావు. బిగించాం. మీ అల్లుడుగారు తానే బిగిస్తానని గోడకు ఏడు చిల్లులు పెట్టి, ఎనిమిదో దానికి వడ్రంగిని పిలిచారు. కింద షెడ్డులో నీ స్కూలు కారు బ్యాటరీ చచ్చిపోకుండా వారానికోసారి స్టార్ట్ చేస్తున్నారా అన్నావు. చేస్తున్నాం. కవరు కూడా ఉతికి కప్పాను. "ఆ గంట మనిషి ఇంకా గంట మోగించుకుంటూ ఊరంతా తిరుగుతున్నాడా?" అని కూడా అడిగావు. తిరుగుతున్నాడు. ఆయన సంగతి తర్వాత రాస్తాను. నీకు ఆయన గంట మనిషి అయినా, నాకు ఇప్పటికీ బాబాయే. నాన్న పోయాక నాన్న స్నేహితుడుగా వచ్చి, నిన్ను వదినా అని పిలుస్తూ నీతో కలిసి ఒక్క పాత కారుతో డ్రైవింగ్ స్కూలు పెట్టిన మనిషిని ఇంకేమని పిలవను? ఇరవై ఒక్క ఏళ్లుగా మీరిద్దరూ బజారులో ఎదురైతే చెరో దుకాణంలో దూరిపోతున్నారు గనక నేనూ ఆయన పేరెత్తడం మానేశాను.

ఇక నీ చివరి ప్రశ్న. "కారు నువ్వే నడుపుతున్నావా, అల్లుడి చేత నడిపిస్తున్నావా? పై నెల మొదటి ఆదివారం స్టేషన్‌కి నువ్వే తీసుకురా. మన వీధి వాలు ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని చూస్తాను. నేను నేర్పిన చదువు ఎక్కడికి పోతుంది!" అని రాశావు. అమ్మా, అది చదివి క్యాలెండరు ముందు నిలబడి రోజులు లెక్కపెట్టుకున్నాను. ఎందుకంటే నీ ఉత్తరం అందిన రోజుకి ఆ కారు మన వాలు ఎక్కించడం నాకు చేతకాదు. అసలు గేర్ల బండి నడపడమే చేతకాదు. డ్రైవింగ్ టీచర్ కూతురికి! నవ్వుకో, పర్వాలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు, చెప్పకపోతే ఆ ఆదివారం నీ కళ్లముందే పరువు పోతుంది.

మరి చేతకాని బండి ఎందుకు కొన్నావే అంటావు. మోజు, ఇంకేం చెప్పను! పొద్దున్నుంచి సాయంత్రం దాకా ల్యాబులో కట్టుడు పళ్లు చెక్కే చేతులు ఇవి. వెంట్రుక మందం తేడా వచ్చినా పన్ను నోట్లో కూర్చోదు. అంత సన్నని పని చేసి బయటికొచ్చి, తానే గేర్లు మార్చుకునే బండిలో కూర్చుంటే చేతులకు ఏమీ తోచేది కాదు. చిన్నప్పుడు నీ కారు వెనక సీట్లో కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని గుర్తుందా? ముందు ఎవరో వణుక్కుంటూ నేర్చుకుంటుండేవారు, నువ్వు "ఇప్పుడు రెండు... ఇప్పుడు మూడు..." అంటుండేదానివి. ఇంజను మూలిగితే గేరు తగ్గించాలని, గుక్క తిప్పుకోకుండా అరిస్తే పెంచాలని లెక్కల కంటే ముందే నాకు తెలుసు. ఆ చప్పుడు కావాలనిపించింది. ముప్పై తొమ్మిదేళ్లు వచ్చాయి, నాకని నేను ఒక్క పిచ్చి కోరిక తీర్చుకోకూడదా అనిపించింది.

మూడు షోరూములు తిరిగాం. ఎక్కడికెళ్లినా ఒకటే పాట. "గేర్ల బండా మేడమ్? ఈ రోజుల్లో ఎవరండీ అంత కష్టపడేది?" ఒకాయనైతే నన్ను వదిలేసి మీ అల్లుడి వైపు తిరిగి, "సార్‌కాండీ?" అన్నాడు. మీ అల్లుడుగారు, "నాకు రెండు పెడళ్లే ఎక్కువండీ, మూడోది కూడానా?" అన్నారు. నవ్వాపుకోలేక బయటికొచ్చేశాను.

చివరికి నా పనిచోట ఎవరో చెబితే ఒక మత్తు డాక్టరుగారి ఇంటికి వెళ్లాం. రిటైరయ్యారు. ముదురు నీలం రంగు, నాలుగు తలుపులు, ఆరు గేర్లు, ఎనిమిదేళ్ల బండి. పైకి చూస్తే ఆఫీసుకు వెళ్లే పెద్దమనిషిలా ఉంటుంది, ఇంజను మాత్రం పందేనికి వెళ్లే రకం. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పెద్ద రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. మూడో గేరులో కాలు కాస్త గట్టిగా నొక్కేసరికి ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు బండి ముందుకు ఉరికింది. నేను "అబ్బ!" అన్నాను. వెనక సీట్లో మీ అల్లుడు "అమ్మో!" అన్నారు. అంతే, బేరం కుదిరిపోయింది.

సంతకాలయ్యాయి, తాళాలు చేతిలో పెట్టారు. నడపడం రాదని చెప్పడానికి నోరు రాలేదు. "పాత యజమాని చేతుల మీదుగానే బండి కొత్త ఇంటికి రావాలండీ, మా ఇంట్లో అదొక ఆనవాయితీ" అని కోత కోశాను. పాపం, ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని, "ఎంత మంచి ఆనవాయితీ అమ్మా" అంటూ మన ఇంటిదాకా నడిపి దిగబెట్టాడు. దారి పొడవునా తలవంచుకుని కూర్చున్నాను.

మర్నాడు నా భాగోతం మొదలైంది. దాని క్లచ్ బాగా గట్టి, పైగా చాలా పైకొచ్చాక గానీ పట్టదు. వీధి చివరిదాకా వెళ్లేలోపు తొమ్మిదిసార్లు ఆగిపోయింది. ఇస్త్రీ కొట్టు ముందు నిలబడ్డవాళ్లు మొదటి రెండుసార్లు జాలిపడ్డారు, తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తిరిగి వస్తూ మన వాలు మీద ఆపాల్సి వచ్చింది. క్లచ్ వదిలితే బండి ఒక్క గెంతు గెంతి చచ్చింది. మళ్లీ స్టార్ట్ చేసేలోపు వెనక్కి జారి జారి దర్జీగారి చెత్తడబ్బాను ముద్దుపెట్టుకుంది. దర్జీగారు టేపు మెడలో వేసుకుని బయటికొచ్చి, "అమ్మాయ్, మీ అమ్మగారు ఊళ్లో లేరా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా ప్రాణం చచ్చిపోయింది. బండిని ఇంటికి చేర్చింది మీ అల్లుడూ, దర్జీగారూ, ఇస్త్రీ ఆయనా కలిసి, తోసి.

వారం పాటు దానికి కవరు కప్పి ఉంచాను. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. అమ్మేద్దామా అనుకున్నాను. అమ్మేస్తే నువ్వు ఎందుకని అడుగుతావు. మళ్లీ ఇంకో అబద్ధం. అప్పటికే నా దగ్గర ఒకటుంది, ఇంకోదానికి చోటు లేదు. అందుకని నేర్చుకోవాలని బయలుదేరాను. ఎక్కడికో చెబితే నీకు కోపం వస్తుంది. వచ్చినా సరే. గంట బాబాయి స్కూలుకి.

ముక్కూమొహం తెలియనట్టు వెళ్లాను. అత్తవారి ఇంటిపేరు చెప్పాను, కళ్లజోడు పెట్టుకున్నాను. ఆయన తలెత్తకుండానే ఫారం నింపుతూ, "ఇంతకు ముందెక్కడైనా నేర్చుకున్నారా?" అన్నాడు. "లేదండీ" అన్నాను. ఆయన స్కూలు కారులో కూర్చోమన్నాడు. కూర్చుని, నువ్వు నేర్పిన అలవాటుగా సీటు వెనక్కి జరిపి, క్లచ్ మీద పాదం మూడుసార్లు తొక్కి చూసుకుని, అద్దాన్ని మచ్చపడకుండా రెండు వేళ్లతో అంచు పట్టుకుని సరిచేసుకున్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. "వదిన మోకాలు ఎలా ఉందమ్మా?" అన్నాడు.

కళ్లజోడు తీసేశాను. ఇంకేం చేస్తాను?

"బాగుంది బాబాయ్. పై నెల మొదటి ఆదివారం వస్తోంది. వాలు ఎక్కించి చూపించమంది" అన్నాను. ఆయన ఎందుకు, ఏమిటి అని ఒక్క ముక్క అడగలేదు. "అయితే ఈ బండి వద్దు, నీ బండి తీసుకురా" అన్నాడు.

స్కూలు కారులోలాగా నా బండిలో ఆయన వైపు రెండో జత పెడళ్లు లేవు కదా, భయం వెయ్యదా అంటే, అందుకేనన్నాడు. ఎక్కి కూర్చుని, చెప్పులు విప్పి, సీటు మీద బాసింపట్టు వేసుకున్నాడు. అరవై ఆరేళ్ల మనిషి, నడుముకు పట్టీ, అంత ఖరీదైన సీటు మీద పీట మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. నాకు నవ్వాగలేదు.

"నవ్వకు. కాళ్లు కింద పెడితే అవి నా మాట వినవు. అక్కడ పెడల్ ఉన్నా లేకపోయినా తొక్కుతాయి. నేను తొక్కుతుంటే నువ్వేం నేర్చుకుంటావు?" అన్నాడు.

అలా పన్నెండు రోజులు, ల్యాబుకు వెళ్లే ముందు రోజూ గంట. కేకలు లేవు. "తొందరేం లేదు. క్లచ్ వదలకు, లేవనివ్వు. అది పట్టే చోటు నీ పాదానికి తెలియాలి, నీ బుర్రకి కాదు" అనేవాడు. బండి ఆగిపోయినప్పుడల్లా, "మంచిది, మళ్లీ" అనేవాడు. ఆయన అన్ని "మంచిది"లు అన్నాడంటే నేను ఎన్నిసార్లు ఆపానో నువ్వే ఊహించుకో. అయిదో రోజుకి రెండో గేరు నుంచి మూడోదానికి కుదుపు లేకుండా వెళ్లాను. ఆ రాడ్డు అరచేతిలో టక్కుమని కూర్చున్నప్పుడు ఎంత హాయి అనుకున్నావు! కొలిచి చేసిన పన్ను చిగురు మీద సరిగ్గా కూర్చున్నట్టే ఉంటుంది. నా సంతోషం చూసి బాబాయి కూడా నవ్వాడు.

ఎనిమిదో రోజున గంట సంగతి అడిగాను. నువ్వు దాన్ని జనం దృష్టిలో పడడానికి పెట్టుకున్న టక్కు అనుకుంటావు కదా, కాదట. మీరు విడిపోయిన రెండేళ్లకు ఆయన దగ్గర నేర్చుకున్న ఒకావిడ, "మీ బండి అయితే నడపగలను గానీ మా బండి నా మాట వినడం లేదు మాస్టారూ" అందట. ఆయనకు అనుమానం వచ్చి తన వైపు పెడళ్లకు చిన్న గంట కట్టాడు, తన కాలు పడితే మోగేలా. ఆ రోజంతా ఒక్కసారి కూడా తొక్కలేదని ప్రమాణం చేసి ఉండేవాడట. గంట మాత్రం నలభై సార్లు మోగింది.

"ఆ రోజు నాకు మీ అమ్మ మీద కోపం పోయిందమ్మా. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడకు తెలీదు, అంతే. నా కాలు సంగతి నాకు తెలిసిందా? కానీ రెండేళ్లు గడిచిపోయాయి. ఏ ముఖం పెట్టుకుని రాను?" అన్నాడు.

అప్పుడు బండి మన వాలు మధ్యలో, హ్యాండ్ బ్రేకు మీద ఉంది. ఆయనకు ఆ క్షణంలో చెప్పిందే ఇప్పుడు నీకూ చెబుతున్నాను. ఈ ఉత్తరం అంతా దీని కోసమే.

నా లైసెన్సు పరీక్ష రోజు గుర్తు తెచ్చుకో. ఇన్‌స్పెక్టరు వెనక సీట్లో, నువ్వు నా పక్కన రెండో పెడళ్ల దగ్గర, అప్పటి పద్ధతి అది. పరీక్ష వాలు మీద ఆపి ఎక్కించమన్నారు. నేను క్లచ్ గభాల్న వదిలేశాను. బండి వణికింది, ఇంజను ఆగిపోబోయింది. అప్పుడు నా పాదం కింద పెడల్ దానంతట అదే రెండు వేళ్లంత కిందికి దిగి, మెల్లగా పైకి లేచింది. బండి వెన్నలా ఎక్కేసింది. పాస్ అన్నారు.

పైన నిలబడి చూస్తున్న బాబాయి నవ్వుతూ వచ్చి, "వదినా, వాలు మీద నీ కాలు పడింది. పిల్లను ఇంకో వారం తిప్పి మళ్లీ తీసుకొద్దాం" అన్నాడు. నువ్వు నిప్పులు చెరిగావు. "నా కాలా? ఇన్ని వందలమందికి నేర్పాను, పరీక్షలో ఒక్కరికి సాయం చెయ్యలేదు, సొంత కూతురికి చేస్తానా?" అన్నావు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పవే! పెడల్ కదిలిందా?" అని అడిగావు.

నేను "లేదమ్మా" అన్నాను.

కదిలింది అమ్మా. నా పాదం కిందే కదిలింది. నీకు తెలీదు, ఆయన దూరం నుంచి బండి తీరు చూశాడు, నిశ్చయంగా తెలిసింది నా ఒక్కదానికే. పద్దెనిమిదేళ్ల వయసు, చేతిలో పాస్ కాగితం, నాకేం పోయిందని ఊరుకున్నాను. నువ్వు ఆయన్ని అబద్ధాలకోరు అన్నావు. వారం తిరక్కుండా స్కూలు రెండు ముక్కలైంది. ఆ తర్వాత నేను గేర్ల బండి ముట్టుకోలేదు. నువ్వు నడపమన్నప్పుడల్లా తలనొప్పి అన్నాను, చదువు అన్నాను, పెళ్లయ్యాక ఆటోమేటిక్ అలవాటైపోయిందన్నాను. ఆ పెడల్ మీద కాలు పెడితే ఆ రోజే గుర్తొచ్చేది.

ఇదంతా చెప్పి స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. బాబాయి, "నాకు తెలుసమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు లేదన్నప్పుడు నీ ముఖం చూశాను. ఇంకో నిమిషం నిలబడి ఉంటే, అక్కడే మీ అమ్మ ముందు నీ చేత నిజం చెప్పించేవాణ్ణి. చిన్నపిల్లవి. నాన్న లేడు, అమ్మ ఒక్కతే దిక్కు. ఆవిడ దగ్గర నీ మాట పోకూడదనుకున్నాను. నాదేముంది, ఇంకో బండి కొనుక్కోవచ్చు" అన్నాడు. వెంటనే, "కళ్లు తుడుచుకో, వెనక వ్యాను వస్తోంది. క్లచ్ తొక్కు" అన్నాడు.

ఆ రోజు ఆయన, "నా కళ్లే మోసం చేశాయేమో వదినా" అని వెళ్లిపోయాడు చూడు, అది ఓడిపోయి కాదమ్మా. నా కోసం.

ఆ వాలు ఎలా ఎక్కించానో నాకు తెలీదు గానీ, ఎక్కించాను. ఇవాళ పొద్దున ఒక్కదాన్నే వెళ్లి, మధ్యలో మూడుచోట్ల ఆపి, మూడుసార్లూ ఎక్కించాను. అంగుళం వెనక్కి జారలేదు. దర్జీగారు చెత్తడబ్బా లోపల పెట్టుకున్నాడనుకో, అది వేరే సంగతి. కాబట్టి నీ ప్రశ్నకు నా జవాబు ఇది: కారు నేనే నడుపుతున్నాను. ఇరవై ఒక్క ఏళ్ల కిందట నాకు ఇచ్చిన లైసెన్సు ఇవాళ్టికి నాదైంది.

నీ కాలిని తప్పుపట్టడానికి రాస్తున్నానని మాత్రం అనుకోకు. అక్కడి డాక్టరు, "ఈ ఎడమ మోకాలు ఇంతలా ఎలా అరిగింది, ఏం పని చేసేవారు?" అని అడిగితే నువ్వు నవ్వి ఊరుకున్నావని అన్నయ్య చెప్పాడు. నాకిప్పుడు తెలుసు. ఆరోజుల్లో నీ పక్కన కూర్చున్న ప్రతి భయస్తుడి కోసం నీకు తెలియకుండానే ఆ కాలు లేచింది. నాన్న పోయాక నన్నూ అన్నయ్యనూ పెంచింది ఆ కాలే. నా బండి ఆగిపోతుంటే చూడలేకపోయింది, పాపం దానిదేం తప్పు? నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఇన్నాళ్లూ ఈ మాట చెప్పాలన్నా ఆ అబద్ధం అడ్డొచ్చేది, ఇప్పుడు లేదు గనక చెబుతున్నాను.

నిన్న చివరి పాఠం. దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు బాబాయి. "వదిన ఏ రైలుకి వస్తోంది?" అన్నాడు. చెప్పాను. "స్టేషన్లో మెట్లెక్కువ. సామాను మొయ్యడానికి ఓ మనిషి కావాలేమో" అన్నాడు. నడుం వంచి చెప్పులు కూడా వేసుకోలేని మనిషి అమ్మా, నీ పెట్టెలు మోస్తాడట! "అమ్మకు రాసి కనుక్కుంటాను బాబాయ్" అన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు.

నువ్వు వద్దంటే రాడు. నీకు జవాబు రాయడానికి ఇంకా టైముంది. నన్ను తిట్టు. నోరారా తిట్టు, ఎన్ని కాగితాలైనా తిట్టు, నేను ఒక్కదానికీ ఎదురు చెప్పను. చివర ఒక్క ముక్క మాత్రం, ఆయన్ని రమ్మని రాయి.

ఇట్లు,
ఆ రోజు "కదిలిందమ్మా" అనాల్సిన
నీ కూతురు